ఆటోక్యాడ్‌లో బ్లాక్ యూనిట్ ఏది పెట్టాలి? ఒక డ్రాయింగ్‌లో సరిగ్గా వచ్చిన కమోడ్ ఇంకో దాంట్లో ఇల్లంత ఎందుకవుతుంది?

నెల్లూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. డిప్లొమా సివిల్ అయ్యాక ఒక ప్లానింగ్ ఆఫీసులో చేరాడట. అక్కడ ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో వాడుకోమని పెన్‌డ్రైవ్‌లో రెండొందల దాకా బ్లాకులు (ఒకసారి గీసి పెట్టుకుని ఏ డ్రాయింగ్‌లోకైనా తెచ్చుకునే బొమ్మలు) ఇచ్చారు, తలుపులు, కిటికీలు, కమోడ్లు, వాష్ బేసిన్లు, కార్లు, చెట్లు. పాత ప్రాజెక్టులో పెడితే అన్నీ సైజు ప్రకారం వస్తున్నాయి, కొత్త ప్లాన్‌లో పెడితే కమోడ్ ఇంటి స్థలాన్ని దాటిపోతోంది, కొన్నయితే చుక్కలాగా కనపడీ కనపడకుండా పడుతున్నాయి. "అన్నా, ప్రతిసారీ స్కేల్ కొట్టి సరిచేసుకోవడమేనా? బ్లాక్ చేసేటప్పుడు బ్లాక్ యూనిట్ అని అడుగుతుంది కదా, అక్కడ అంగుళాలా, మిల్లీమీటర్లా, లేక యూనిట్‌లెస్ పెడితే గొడవ ఉండదా?" అని అడిగాడు.

ముందు సమాధానం చెప్పేస్తాను తమ్ముడూ. బ్లాకుని అసలు సైజులో గీయి, ఏ కొలతలో గీశావో అదే యూనిట్‌ని బ్లాక్ యూనిట్‌గా పెట్టు. అది ఏ డ్రాయింగ్‌లోకి వెళుతుంది అన్నది చూడొద్దు. మిల్లీమీటర్లలో గీస్తే మిల్లీమీటర్లు, అంగుళాల్లో గీస్తే అంగుళాలు. రెండోది, నువ్వు పనిచేసే ప్రతి డ్రాయింగ్‌లో యూనిట్స్ కమాండ్ కొట్టి ఇన్సర్షన్ స్కేల్ దగ్గర ఆ డ్రాయింగ్ ఏ కొలతలో ఉందో అది పెట్టు. ఈ రెండూ నిజం చెబితే మధ్యలో లెక్క ఆటోక్యాడే చూసుకుంటుంది, నువ్వు స్కేల్ కొట్టాల్సిన అవసరమే రాదు. మూడోది, నిజంగా ఒక సైజు ఉన్న వస్తువుకి యూనిట్‌లెస్ పెట్టకు. అది గొడవ తగ్గించదు, పెంచుతుంది. ఎందుకో కింద చెబుతాను.

అసలు ఇది ఎందుకొస్తుందంటే, ఆటోక్యాడ్‌కి నువ్వు గీసిన గీత పొడవు 900 అని మాత్రమే తెలుసు. 900 ఏమిటి? మిల్లీమీటర్లా, అంగుళాలా, మీటర్లా? ఆ సంగతి గీతలో ఉండదు. డ్రాయింగ్‌లో ఇన్స్‌యూనిట్స్ అని ఒక వేరియబుల్ ఉంటుంది (ఇన్సర్షన్ స్కేల్ దగ్గర నువ్వు పెట్టేది దీన్నే), అందులో ఒక అంకె ఉంటుంది: 1 అంటే అంగుళాలు, 2 అడుగులు, 4 మిల్లీమీటర్లు, 5 సెంటీమీటర్లు, 6 మీటర్లు, 0 అంటే యూనిట్‌లెస్, ఏమీ చెప్పలేదని అర్థం. బ్లాకులోనూ అలాంటి అంకే ఒకటి దాచి ఉంటుంది. ఇన్సర్ట్ చేసే క్షణంలో ఆటోక్యాడ్ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసి, మిల్లీమీటర్ల బ్లాకు అంగుళాల డ్రాయింగ్‌లోకి వస్తుంటే 0.03937తో, అంగుళాల బ్లాకు మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లోకి వస్తుంటే 25.4తో గుణిస్తుంది. ఆ క్షణంలో మాత్రమే. తర్వాత నువ్వు డ్రాయింగ్ యూనిట్ మార్చినా అంతకుముందు పెట్టినవి కదలవు. చాలామంది బ్లాక్ పెట్టేశాక యూనిట్స్‌లోకి వెళ్లి మార్చి, "ఏమీ మారలేదే" అనుకుంటారు. మారదు. సరైన యూనిట్ ముందు పెట్టి, తర్వాత ఇన్సర్ట్ చేయాలి.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు మన వైపు ఆఫీసుల్లో రోజూ చూస్తుంటాను. యూనిట్స్ డైలాగ్‌లో పైన టైప్ అని ఉంటుంది కదా, డెసిమల్, ఆర్కిటెక్చరల్, ఇంజినీరింగ్ అని. అక్కడ ఆర్కిటెక్చరల్ పెట్టేసి డ్రాయింగ్ అడుగులు అంగుళాల్లోకి మారిపోయిందని అనుకుంటారు. అది అంకెని నీకు ఎలా చూపించాలో చెప్పేది మాత్రమే. ఆర్కిటెక్చరల్, ఇంజినీరింగ్ రెండూ ఒక యూనిట్ అంటే ఒక అంగుళం అనుకునే చూపిస్తాయి. మిల్లీమీటర్లలో గీసిన 3000 గోడ మీద ఆర్కిటెక్చరల్ పెడితే 250 అడుగులు అని చూపిస్తుంది, అసలు గోడేమో పది అడుగులు కూడా ఉండదు. బ్లాక్ సైజుని నిర్ణయించేది కింద ఉన్న ఇన్సర్షన్ స్కేల్ పెట్టె. పైదాన్నీ కిందిదాన్నీ పొంతన కుదిరేలా పెట్టాలి: టైప్ ఆర్కిటెక్చరల్ అయితే ఇన్సర్షన్ స్కేల్ అంగుళాలే ఉండాలి, వేరేది పెట్టకూడదు. డెసిమల్ అయితే మిల్లీమీటర్లయినా మీటర్లయినా అడుగులయినా నీ ఇష్టం.

కొత్త ఫైల్ తెరిచేటప్పుడు ఏ టెంప్లేట్‌తో తెరిచావన్నది కూడా చూసుకో. ఆటోక్యాడ్‌తో వచ్చే ఏక్యాడ్ టెంప్లేట్ అంగుళాలతో వస్తుంది, ఏక్యాడ్ ఐసో టెంప్లేట్ మిల్లీమీటర్లతో వస్తుంది. నువ్వు చెప్పిన పాత ప్రాజెక్టు ఒక టెంప్లేట్ మీద, కొత్త ప్రాజెక్టు ఇంకో దాని మీద మొదలైనట్టుంది, నాకైతే మొదటి అనుమానం దాని మీదే.

## తప్పు ఎక్కడుందో సైజు చూసి పట్టుకోవచ్చు

ఊరికే స్కేల్ కొట్టే ముందు ఎంత పెద్దగా వచ్చిందో ఒకసారి కొలువు. డిస్ట్ కమాండ్ కొట్టి, నీకు అసలు సైజు తెలిసిన వస్తువుని కొలిస్తే చాలు. తలుపు వెడల్పు 36 అని వస్తే ఆ బ్లాకు అంగుళాల్లో గీసింది. 900 వస్తే మిల్లీమీటర్లు, 90 వస్తే సెంటీమీటర్లు, 3 వస్తే అడుగులు, 0.9 వస్తే మీటర్లు. కమోడ్ పొడవు సుమారు 700 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని ఏ మార్పూ లేకుండా అంగుళాల డ్రాయింగ్‌లో పడేస్తే 700 అంగుళాలు, అంటే 58 అడుగుల పైమాట. 30 అడుగుల వెడల్పు ప్లాట్‌లో అది స్థలాన్ని దాటిపోక ఏం చేస్తుంది. నువ్వు చూసింది అదే. చుక్కల్లా పడేవి అందుకు తలకిందులు: 36 అంగుళాల తలుపు మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లో 36 మిల్లీమీటర్లుగా పడుతుంది.

బ్లాకుని సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ ప్యాలెట్‌లో కిందకి పోతే మిసలేనియస్ కింద బ్లాక్ యూనిట్, యూనిట్ ఫ్యాక్టర్ అని రెండు కనపడతాయి. అవి మార్చడానికి కుదరదు, చూడటానికే, కానీ అసలు సంగతి మొత్తం అక్కడే ఉంటుంది. యూనిట్ ఫ్యాక్టర్ 1 ఉంటే ఆటోక్యాడ్ ఏమీ గుణించలేదు. 25.4 ఉంటే అంగుళాల నుంచి మిల్లీమీటర్లకి మార్చింది. మార్చకూడని చోట మార్చిందంటే బ్లాకో డ్రాయింగో అబద్ధం చెబుతోంది. నేను ఎవరి ఫైల్ చూసినా ముందు చూసేది ఈ రెండు వరసలే.

## యూనిట్‌లెస్ ఎందుకు వద్దన్నానంటే

యూనిట్‌లెస్ పెడితే ఆటోక్యాడ్ ఏమీ చేయకుండా వదిలేస్తుందని అందరూ అనుకుంటారు. అలా కాదు. బ్లాకుకి యూనిట్ చెప్పకపోతే అది ఇంకో చోట వెతుకుతుంది. ఆప్షన్స్‌లో యూజర్ ప్రిఫరెన్సెస్ ట్యాబ్‌లోకి వెళ్లి చూడు, ఇన్సర్షన్ స్కేల్ కింద సోర్స్ కంటెంట్ యూనిట్స్, టార్గెట్ డ్రాయింగ్ యూనిట్స్ అని రెండు ఉంటాయి. వేరియబుల్ పేర్లు ఇన్స్‌యూనిట్స్‌డెఫ్‌సోర్స్, ఇన్స్‌యూనిట్స్‌డెఫ్‌టార్గెట్. బ్లాకు యూనిట్‌లెస్ అయితే మొదటిదాన్ని, డ్రాయింగ్ యూనిట్‌లెస్ అయితే రెండోదాన్ని తీసుకుని లెక్క వేస్తుంది. అసలు చిక్కు ఏమిటంటే ఈ రెండూ డ్రాయింగ్‌లో సేవ్ అవ్వవు, ఆ కంప్యూటర్‌లో సేవ్ అవుతాయి. అందుకే ఒకే ఫైల్, ఒకే బ్లాకు, నీ సిస్టంలో ఒక సైజు, పక్క సీట్ సిస్టంలో ఇంకో సైజు.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ లేఅవుట్ పనిలో ఇదే జరిగింది. మెషిన్లు సప్లై చేసేవాళ్లు గ్యాంగ్‌సాదీ (గ్రానైట్ బండని పలకలుగా కోసే మెషిన్), కటింగ్ మెషిన్‌దీ డ్రాయింగులు పంపారు, గీసింది మిల్లీమీటర్లలో, యూనిట్ మాత్రం యూనిట్‌లెస్. షెడ్ ప్లాన్ అంగుళాల్లో ఉంది. ఒక కంప్యూటర్‌లో ఇన్సర్ట్ చేస్తే మెషిన్ షెడ్‌లో చక్కగా కూర్చుంది, ఎందుకంటే అక్కడ సోర్స్ మిల్లీమీటర్లని ఉంది. ఇంకో కంప్యూటర్‌లో సోర్స్ అంగుళాలని ఉంది, అక్కడ మెషిన్ షెడ్‌ని మింగేసి రోడ్డు మీదకి వచ్చేసింది. ఫైల్ కరప్ట్ అయిందని మళ్లీ పంపమన్నారు, మళ్లీ పంపినా అదే. రెండు రోజులు ఆ పని ఆగింది. మెషిన్ ఫైల్ తెరిచి, యూనిట్స్‌లో మిల్లీమీటర్లు పెట్టి, సేవ్ చేస్తే అన్ని సిస్టమ్స్‌లో ఒకేలా వచ్చింది. ఫౌండేషన్ బోల్టులు ఎక్కడ దించాలో ఆ లేఅవుట్ చూసే మార్కింగ్ ఇస్తారు కాబట్టి, సైజు కళ్లకి దాదాపు సరిగ్గా ఉన్నట్టు అనిపించినా కొలిచి చూడాల్సిందే.

నా సలహా, మీ ఆఫీసులో అన్ని సిస్టమ్స్‌లోనూ ఆ రెండు డిఫాల్ట్‌లనీ 0 చేసేయండి. అప్పుడు యూనిట్ చెప్పని బ్లాకు ఏ గుణకారమూ లేకుండా ఉన్నది ఉన్నట్టు వస్తుంది, తప్పయితే తప్పని వెంటనే తెలుస్తుంది, అందరికీ ఒకేలా తెలుస్తుంది. బ్రిక్స్‌క్యాడ్ వాడే ఆఫీసుల్లోనూ ఈ వేరియబుల్స్ ఇవే పేర్లతో ఉంటాయి, ఇదే లెక్క.

## ఫైల్ యూనిట్ వేరు, లోపలి బ్లాక్ యూనిట్ వేరు

ఇది అర్థం కాకపోతే ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ తప్పే వస్తుంది, కాబట్టి నిదానంగా చదువు. ఒక బ్లాకుని రెండు రకాలుగా తెచ్చుకోవచ్చు. ఒకటి, తలుపు అనే ఫైల్‌ని మొత్తంగా ఇన్సర్ట్ చేయడం. అప్పుడు ఆటోక్యాడ్ చూసేది ఆ ఫైల్ ఇన్స్‌యూనిట్స్‌ని. రెండోది, లైబ్రరీ అని ఒక పెద్ద డ్రాయింగ్ ఉంటుంది, దాంట్లో యాభై బ్లాకులు ఉంటాయి, డిజైన్ సెంటర్ నుంచో టూల్ ప్యాలెట్ నుంచో ఒకదాన్ని లాగుతావు. అప్పుడు చూసేది ఆ ఒక్కో బ్లాకు డెఫినిషన్‌లో ఉన్న బ్లాక్ యూనిట్‌ని, లైబ్రరీ ఫైల్ యూనిట్‌ని కాదు. కాబట్టి లైబ్రరీ ఫైల్ తెరిచి యూనిట్స్ కమాండ్‌లో మిల్లీమీటర్లని మార్చి సేవ్ చేస్తే లోపలున్న యాభై బ్లాకుల్లో ఒక్కటి కూడా మారదు. ఒక్కోదాన్నీ మార్చాలి: బ్లాక్ కమాండ్ కొట్టి, పేరు దగ్గర ఉన్న లిస్ట్‌లో ఆ బ్లాకుని ఎంచుకుని, బ్లాక్ యూనిట్ మార్చి, ఓకే కొట్టి, రీడిఫైన్ చేయాలా అంటే అవునని చెప్పాలి. బ్లాకులు ఎక్కువుంటే చిన్న లిస్ప్ (ఆటోక్యాడ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) రాయించుకుంటే ఒక్క దెబ్బకి అన్నీ మారతాయి, మీ ఆఫీసులో లిస్ప్ తెలిసినవాళ్లు ఉంటే వాళ్లని పట్టుకో.

డబ్ల్యూబ్లాక్ కమాండ్‌తో బ్లాకుని విడి ఫైల్‌గా బయటకి రాసేటప్పుడు కూడా కింద ఇన్సర్ట్ యూనిట్స్ అని అడుగుతుంది. దాన్ని ఎవరూ చూడరు, ఓకే కొట్టేస్తారు. అక్కడ పెట్టిందే కొత్త ఫైల్‌కి యూనిట్ అవుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. లైబ్రరీలో తప్పు సరిచేశావు, సంతోషంగా నీ ప్లాన్‌లోకి వచ్చి మళ్లీ ఇన్సర్ట్ చేశావు, మళ్లీ అదే పాత తప్పు సైజు. ఎందుకంటే ఆ పేరుతో బ్లాకు డెఫినిషన్ ఇప్పటికే నీ ప్లాన్‌లో ఉంది. ప్యాలెట్ నుంచి లాగితే ఆటోక్యాడ్ లైబ్రరీలోది తీసుకోకుండా ఇంట్లో ఉన్న పాతదాన్నే వాడుకుంటుంది. వాడకంలో లేకపోతే పర్జ్ చేసి (వాడనివాటిని ఫైల్ నుంచి తీసేసే కమాండ్) మళ్లీ తెచ్చుకో. వాడకంలో ఉంటే ఫైల్‌ని బ్రౌజ్ చేసి ఇన్సర్ట్ చెయ్యి, రీడిఫైన్ చేయాలా అని అడుగుతుంది, అవునను. ఫైల్ బాగా పాడైపోయిందని ఆఫీసుల్లో చేసే ఫిర్యాదుల్లో సగం ఇదే అయి ఉంటుంది.

## చేత్తో స్కేల్ కొట్టడం గురించి

ఒక్క బ్లాకు, ఒక్కసారి, అర్జెంటు అయితే స్కేల్ కొట్టుకో, ఎవరూ వద్దనరు. కానీ దాన్ని అలాగే లైబ్రరీలో సేవ్ చేయకు. మిల్లీమీటర్లలో ఉన్న 900 తలుపుని ఎవరో 0.03937తో తగ్గించి 35.43 చేసి సేవ్ చేశారనుకో, బ్లాక్ యూనిట్ మాత్రం మిల్లీమీటర్లనే ఉండిపోయింది. తర్వాత ఇంకొకరు దాన్ని అంగుళాల ప్లాన్‌లో పెడితే ఆటోక్యాడ్ తన వంతుగా మళ్లీ 0.03937తో గుణిస్తుంది. తలుపు ఒకటిన్నర అంగుళం కూడా ఉండదు. రెండు దిద్దుబాట్లు ఒకదాని మీద ఒకటి పడ్డ ఫైల్‌ని విప్పడం ఎంత కష్టమో విప్పినవాళ్లకే తెలుసు. గీత సైజు మారిస్తే యూనిట్ కూడా మార్చు, లేదా రెండూ ముట్టుకోకు.

ఇప్పటికే ప్లాన్‌లో చేత్తో స్కేల్ చేసి పెట్టిన బ్లాకులు ఉంటే, డెఫినిషన్‌లో యూనిట్ సరిచేశాక వాటి సైజు దానంతట అది మారదు. సెలెక్ట్ సిమిలర్‌తో అన్నీ పట్టుకుని ప్రాపర్టీస్‌లో స్కేల్ ఎక్స్, వై, జెడ్ మూడూ 1 పెడితే అసలు సైజుకి వస్తాయి. కానీ మిర్రర్ చేసిన తలుపులు ఉంటే జాగ్రత్త. వాటికి స్కేల్ మైనస్‌లో ఉంటుంది. అన్నిటికీ గుడ్డిగా 1 పెట్టేస్తే ఎడమకి తెరుచుకునే తలుపు కుడికి తెరుచుకుంటుంది, ఆ మార్పు ఎవరి కంటా పడకుండా మేస్త్రీ చేతికి వెళ్లిపోతుంది. మైనస్ ఉన్నవాటిని విడిగా పట్టుకుని మైనస్ 1 పెట్టు.

## అసలు సైజు అంటే ఏ సైజు

ఇది యూనిట్ల ప్రశ్నలో సగం, కానీ దీన్ని ఎవరూ మాట్లాడరు. మన దగ్గర ఒక ఇంటి పనిలోనే ఎన్ని కొలతలు కలుస్తాయో చూడు. నెల్లూరులో స్థలం అంకణాల్లో అమ్ముతారు, అంకణం అంటే అక్కడ 72 చదరపు అడుగులు, తిరుపతి వెళితే అదే అంకణం 36. సర్వేయర్ మీటర్లలో ఇస్తాడు. ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017లో సెట్‌బ్యాక్‌లన్నీ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలు) మీటర్లలో ఉంటాయి. మేస్త్రీ టేపు అడుగుల్లో చదువుతాడు. గ్రానైట్ రేటు చదరపు అడుగుకి చెబుతారు, మందం మాత్రం 18 మిల్లీమీటర్లు, 20 మిల్లీమీటర్లు అంటారు. ఇన్ని కొలతల మధ్య పనిచేసేవాళ్లకి యూనిట్ ఆటోమేటిగ్గా మారే ఏర్పాటు చాలా అవసరం, అయితే అది చేసేది లెక్క మాత్రమే అని గుర్తుపెట్టుకోవాలి. వస్తువు బజారులో ఏ సైజులో దొరుకుతుందో దానికి తెలియదు.

900 మిల్లీమీటర్ల తలుపు బ్లాకుని అంగుళాల ప్లాన్‌లో పెట్టావు. ఆటోక్యాడ్ సరిగ్గానే మార్చింది, 2 అడుగుల 11 అంగుళాల 7/16 వచ్చింది. ఇది తప్పు కాదు, కానీ మన వడ్రంగి చేసేది 3 అడుగుల తలుపు. డైమెన్షన్ వేస్తే అన్నీ ఇలాంటి భిన్నాలే వస్తాయి, గోడ పక్కన మిగిలేది కూడా ఎప్పుడూ సరిగ్గా కుదరదు. అందుకని నేను లైబ్రరీని ఇలా విడదీస్తాను: ఫ్యాక్టరీలో తయారయ్యేవి మిల్లీమీటర్లలో, మన దగ్గర చేతితో చేసేవి అంగుళాల్లో. కమోడ్, బేసిన్, సింక్, హాబ్ (గట్టులో అమర్చే స్టవ్), లిఫ్ట్, మెషిన్లు, ఇవన్నీ కంపెనీ క్యాటలాగ్‌లో మిల్లీమీటర్లలోనే ఉంటాయి, అలాగే గీసి మిల్లీమీటర్ల యూనిట్ పెట్టు, ఎక్కడికి పోయినా నిజమైన సైజులో ఉంటాయి. తలుపులు, కిటికీలు, కప్‌బోర్డులు, వంటగది గట్టు, ఇవి అంగుళాల్లో ఒక సెట్. అదే తలుపులు మిల్లీమీటర్లలో కావాల్సిన పెద్ద ప్రాజెక్టులకి విడిగా ఇంకో సెట్ గీసుకో, పేరులోనే తేడా తెలిసేలా పెట్టు.

టైల్స్ సంగతి ఇంకా చూడు. షాపులో రెండు బై రెండు అంటారు, అసలు టైల్ 600 మిల్లీమీటర్లు, అంటే 23.62 అంగుళాలు. 24 అంగుళాల బ్లాకుతో 40 అడుగుల హాల్‌లో 20 టైల్స్ పరిచి చూపిస్తే కాగితం మీద సరిగ్గా సరిపోతాయి. సైట్‌లో పరిస్తే చివర ఏడున్నర అంగుళాలు మిగిలిపోతుంది, అక్కడ ముక్క కోసి పెట్టాలి. స్పేసర్ పెడితే కొంచెం తగ్గుతుంది గానీ పోదు. టైల్ బ్లాకుని 600 మిల్లీమీటర్లుగా గీసి ఆ యూనిట్ పెట్టి ఉంటే, అంగుళాల ప్లాన్‌లోనే ఆ ముక్క ఎక్కడ పడుతుందో ముందే కనపడుతుంది, దాన్ని సోఫా కిందకో గుమ్మం పక్కకో జరుపుకోవచ్చు. వంటగది గట్టు మీద హాబ్ కటౌట్ కూడా అంతే. గ్రానైట్ ఒకసారి కోశాక అర అంగుళం ఎక్కువైతే అతికించేది లేదు.

## మీటర్లలో ఉండే సైట్ డ్రాయింగులు

రొయ్యల చెరువుల లేఅవుట్‌లు, లేఅవుట్ ప్లాట్లు, ఫ్యాక్టరీ సైట్లు, ఇవి టోటల్ స్టేషన్ (సర్వే పరికరం) సర్వే నుంచి వస్తాయి కాబట్టి మీటర్లలో ఉంటాయి. కానీ సర్వే ఫైల్‌లో యూనిట్ తరచుగా యూనిట్‌లెస్ అనో, ఊరికే మిల్లీమీటర్లనో ఉంటుంది, ఎందుకంటే అది వేరే సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసింది. ముందు ఆ ఫైల్ తెరిచి, గట్టు వెడల్పో తెలిసిన ఒక రోడ్డు వెడల్పో కొలిచి, మీటర్లని నిర్ధారించుకుని, ఇన్సర్షన్ స్కేల్ మీటర్లు పెట్టి సేవ్ చెయ్యి. అప్పుడు ఏరియేటర్ (చెరువు నీటికి గాలి అందించే యంత్రం) బ్లాకుని మిల్లీమీటర్లలో ఉన్నదాన్నే తెచ్చి పెడితే 0.001తో మారి సరైన సైజులో చెరువులో కూర్చుంటుంది.

సైట్ మొత్తాన్నీ మిల్లీమీటర్లలోకి మార్చుకుందాం, అప్పుడు అన్ని బ్లాకులూ సరిపోతాయి అని కొంతమంది చేస్తారు. యూటీఎం కోఆర్డినేట్లతో (భూమి మీద అసలు స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) ఉన్న సర్వే అయితే ఆ పని చేయకు. ఒంగోలు దగ్గర నార్తింగ్, అంటే భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి దూరం, 17 లక్షల మీటర్లు దాటి ఉంటుంది, దాన్ని మిల్లీమీటర్లు చేస్తే 170 కోట్ల పైన అంకె. అంత దూరంలో గీసిన వాటికి హ్యాచ్ సరిగ్గా పడదు, జూమ్ చేస్తే గీతలు వణుకుతాయి. పైగా అలా మార్చిన ఫైల్ సర్వేయర్‌కి తిరిగి ఇస్తే వాళ్ల పాయింట్లతో కలవదు. సైట్‌ని మీటర్లలోనే ఉంచి, బ్లాకుల్నే దాని దగ్గరకి తీసుకురా.

యూనిట్ లిస్ట్‌లో కిందెక్కడో యూఎస్ సర్వే ఫీట్ అని ఉంటుంది. ఫీట్ కదా అని దాన్ని ఎంచుకోకు. మామూలు అడుగుకీ దానికీ తేడా పది లక్షలకి రెండు వంతులే, ఒక తలుపులో అది కనపడదు. కానీ 17 లక్షల మీటర్ల కోఆర్డినేట్ మీద అది మూడు మీటర్ల పైచిలుకు జరుగుడు, అంటే పక్కవాడి గట్టు మీదకి వెళ్లిపోతావు.

## గుర్తులు వేరే సంగతి

నార్త్ యారో, సెక్షన్ మార్కు, లెవెల్ గుర్తు, గ్రిడ్ బుడగ, వీటికి నేల మీద సైజు లేదు, కాగితం మీదే సైజు ఉంది. వీటికి మాత్రం పైన చెప్పిన నియమం పనిచేయదు. కాగితం మీద ఎంత కనపడాలో అంత సైజులో గీసి, బ్లాక్ చేసేటప్పుడు యానొటేటివ్ (ప్రింట్ స్కేల్‌ని బట్టి గుర్తు సైజు తనే సర్దుకునే ఏర్పాటు) టిక్ పెట్టు. యానొటేటివ్ బ్లాకులకి యూనిట్ ఫ్యాక్టర్ 1 ఉండాలి, లేకపోతే యానొటేషన్ స్కేలూ యూనిట్ ఫ్యాక్టరూ ఒకదాని మీద ఒకటి పడి గుర్తు ఎటూ కాకుండా పోతుంది. అందుకని వీటికి యూనిట్‌లెస్ పెట్టొచ్చు, పైన చెప్పినట్టు ఆ రెండు డిఫాల్ట్‌లూ 0 చేసి ఉంటేనే. యూనిట్‌లెస్‌కి నేను ఒప్పుకునేది ఇక్కడొక్కచోటే.

టైటిల్ బ్లాక్ (షీట్ మీద ప్రాజెక్టు వివరాలుండే పెట్టె) అయితే ప్రింట్ కోసం ఉండే లేఅవుట్ ట్యాబ్‌లో కాగితం సైజుకి గీసుకో, ప్లాన్ గీసే మోడల్ ట్యాబ్‌లో పెట్టి స్కేల్ చేసే పద్ధతి మానెయ్.

## మరి ఆ రెండొందల బ్లాకులు?

అన్నీ ఒక్కరోజులో కూర్చుని సరిచేయాలనుకోకు, మధ్యలో వదిలేస్తావు, అప్పుడు ఏవి సరిచేశావో ఏవి చేయలేదో తెలియక ఇంకా ఇబ్బంది. ఒక కొత్త ఫోల్డర్ పెట్టుకో. పనిలో ఏ బ్లాకు అవసరమైతే దాన్ని తెరువు, డిస్ట్‌తో కొలువు, క్యాటలాగ్ సైజుకి తేడా ఉంటే స్కేల్‌లో రెఫరెన్స్ ఆప్షన్‌తో సరైన సైజుకి తే, యూనిట్స్‌లో నిజమైన యూనిట్ పెట్టు, గీతలు లేయర్ 0 మీద ఉన్నాయో లేదో చూడు, బేస్ కమాండ్‌తో పట్టుకునే పాయింట్ సరిగ్గా పెట్టు (తలుపుకి హింజ్ మూల, కమోడ్‌కి గోడ వైపు మధ్య బిందువు), పర్జ్ కొట్టి కొత్త ఫోల్డర్‌లో సేవ్ చెయ్యి. పాత పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ప్లాన్‌లోకి ఏదీ లాగకు. నెట్‌లో దింపుకున్నవి కూడా ఇదే దారిలో రావాలి, వాటిలో యూనిట్ ఏదుందో ఎవరూ హామీ ఇవ్వరు.

సరిచేశాక పరీక్షించడానికి మూడు ఖాళీ ఫైళ్లు ఉంచుకో, ఒకటి అంగుళాలు, ఒకటి మిల్లీమీటర్లు, ఒకటి మీటర్లు. ప్రతి దాంట్లో ఒక 10 అడుగుల గోడ ఆ ఫైల్ యూనిట్‌లో గీసి ఉంచు, అంటే 120, 3048, 3.048. కొత్త బ్లాకుని మూడింట్లోనూ ఆ గోడ పక్కన పెట్టి చూడు. మూడు చోట్లా గోడతో పోలిస్తే ఒకే సైజులో ఉంటే ఆ బ్లాకు బాగున్నట్టే.

స్ట్రక్చరల్ వాళ్ల నుంచో, ఎలక్ట్రికల్ వాళ్ల నుంచో ఫైళ్లు వస్తే వాటిని ఎక్స్‌రెఫ్ చేసినా (నీ డ్రాయింగ్‌కి లింకుగా తగిలించినా), కాపీ పేస్ట్ చేసినా ఈ లెక్కే వర్తిస్తుంది. వాళ్ల ఫైల్‌లో యూనిట్ తప్పుగా ఉంటే నీ ప్లాన్‌లో పునాదులు ఒక మూల కుప్పగా కనపడతాయి. నువ్వు నీ వైపు స్కేల్ కొట్టి సర్దుకుంటే, వాళ్లు ఈసారి యూనిట్ సరిచేసి పంపిన రివిజన్‌ని కొత్తగా తెచ్చుకుని అలవాటుగా అదే స్కేల్ కొట్టిన రోజు, మళ్లీ అంతా చెదురుతుంది. ఫోన్ చేసి ఫలానా యూనిట్ పెట్టి పంపండని ముందే చెప్పెయ్. ఇంకా ఏదైనా బ్లాకు దారికి రాకపోతే దాని ప్రాపర్టీస్‌లో యూనిట్, యూనిట్ ఫ్యాక్టర్ ఏమున్నాయో, నీ డ్రాయింగ్ ఇన్స్‌యూనిట్స్ అంకె ఎంతో రాసి ఇక్కడే కింద పెట్టు తమ్ముడూ, చూసి చెబుతాను.